తిట్టు లేని చులకన

సోషల్ మీడియాలో స్త్రీలను కించపరిచే రాతలను యంత్రం చేత పట్టించడం పైకి ఇంజనీర్ల పనిలా కనిపిస్తుంది. దాని అడుగున చాలా పాత ప్రశ్న ఒకటి ఉంది. దోషం మాటలో ఉంటుందా, అన్న మనిషి మనసులో ఉంటుందా, విన్న మనిషికి తగిలిన దెబ్బలో ఉంటుందా? మాటలోనే ఉంటే యంత్రానికి పని సులువు, ఎందుకంటే దానికి అందేది రాసిన మాట ఒక్కటే. మనసులోనో, ఇద్దరి మధ్య ఉన్న చనువులోనో, ఆడవాళ్లకు ఒకటి మగవాళ్లకు ఒకటి అని సంఘం పెట్టుకున్న కొలతలోనో ఉంటే, యంత్రానికి దొరికేది దోషం కాదు, దాని జాడ. జాడను బట్టి అసలును తెలుసుకోవడాన్ని తర్కశాస్త్రం అనుమాన ప్రమాణం అంటుంది. పొగను చూసి నిప్పుందని చెప్పడం చెల్లుతుంది, ఎందుకంటే నిప్పు లేకుండా పొగ ఉండదు. ఆ విడదీయరాని సంబంధానికి వ్యాప్తి అని పేరు. బూతుకూ వివక్షకూ మధ్య అలాంటి వ్యాప్తి ఉందా అన్నదే ఇక్కడ తేలవలసిన విషయం.

అత్తిలి మండలంలో ఒక పంచాయతీని ఊహించుకుంటే సంగతి స్పష్టమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక సంస్థల పదవుల్లో సగం స్త్రీలకు కేటాయించారు కాబట్టి సర్పంచ్ స్త్రీ కావడం అక్కడ మామూలే. కాలువ గట్టు రోడ్డు బాగుచేయించానని ఆమె ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టింది. కింద మూడు వ్యాఖ్యలు వచ్చాయి. ఒకడు పచ్చి బూతు రాశాడు. ఇంకొకాయన, "సర్పంచ్ గారి భర్తగారు మంచివారు, పనులు బాగా చేయిస్తున్నారు" అని మర్యాదగా రాశాడు. మూడోది ఆమెతో కలిసి చదువుకున్న స్నేహితురాలిది: "ఒసేయ్, మా వీధి సంగతేంటే? ముందు అది చూడవే." పదాల జాబితా పట్టుకుని కూర్చున్న యంత్రం మొదటిదాన్ని తీసేస్తుంది, రెండోదాన్ని వదిలేస్తుంది, మూడోదాన్ని అనుమానిస్తుంది. కానీ ఆమెను పదవిలోంచే తుడిచేసింది రెండో వ్యాఖ్య. చేసిన పని ఆమెది, మెచ్చుకోలు భర్తకు. అందులో ఒక్క చెడ్డ మాట లేదు.

అయినా యంత్రం అక్కర్లేదనడానికి వీల్లేదు. 2019 సార్వత్రిక ఎన్నికల సమయంలో 95 మంది భారతీయ మహిళా రాజకీయ నాయకులను ప్రస్తావించిన 1,14,716 ట్వీట్లను ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ వలంటీర్ల చేత చదివించి, 2020లో నివేదిక ప్రచురించింది. వాటిలో 13.8 శాతం, అంటే సుమారు ప్రతి ఏడింటిలో ఒకటి, దూషణగానో అభ్యంతరకరంగానో తేలింది. ఈ వరదను మనుషులే కూర్చుని చదివి ఆపడం సాధ్యం కాదు. ఆపకపోతే స్త్రీలు మాట్లాడటం మానేస్తారు. అదీ ఒక రకం నిషేధమే, కాకపోతే ఎవరూ ఉత్తర్వు జారీ చేయరు.

గుర్తించే పద్ధతులు రెండు రకాలు. మొదటిది నిషిద్ధ పదాల పట్టిక. రెండోది, ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్నది, ఉదాహరణలతో నేర్పడం. వేల వ్యాఖ్యలు సేకరించి, ఒక్కోదాన్ని మనుషులు చదివి ఇది వివక్ష, ఇది కాదు అని లేబుల్ పెడతారు. యంత్రం ప్రతి మాటనూ అంకెల వరుసగా మార్చుకుని, ఏ మాట పక్కన ఏ మాట వస్తే మనుషులు ఏ లేబుల్ పెట్టారో లెక్క కట్టుకుంటుంది. 2018లో గూగుల్ తెచ్చిన బెర్ట్, 2021లో తెలుగుతో కలిపి 17 భాషలకు తయారుచేసిన మ్యూరిల్ అనే భాషా నమూనాలు ఈ పద్ధతికి పునాదులు. నేర్చుకున్నది ఎంత మంచిదన్నది చూపించిన ఉదాహరణలను బట్టి ఉంటుంది. 2016లో జీరాక్ వసీమ్, డర్క్ హోవీ ప్రకటించిన సుమారు 16 వేల ట్వీట్ల సేకరణ ఈ రంగంలో తొలి ఆధారాల్లో ఒకటి. అందులో స్త్రీ వివక్ష అని గుర్తు పెట్టిన ట్వీట్లలో చాలా భాగం ఆస్ట్రేలియాలోని 'మై కిచెన్ రూల్స్' అనే వంటల పోటీ కార్యక్రమం చుట్టూ వచ్చినవి. అలాంటి ట్వీట్లతో నేర్చుకున్న యంత్రం వివక్షను నేర్చుకుందా, ఆ టీవీ కార్యక్రమాన్ని నేర్చుకుందా అన్న సందేహం సహజం. ధూమాన్ని చూసి నిప్పును తెలుసుకోవాల్సింది పోయి వంటింటిని చూసి నిప్పుందనుకోవడం లాంటిదిది.

తిట్టు లేని వివక్షను ఎలా పట్టాలన్న ప్రశ్నకు తెలుగు నేల మీదే ఒక ముఖ్యమైన జవాబు వచ్చింది. 2017లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి చెందిన అక్షిత ఝా, రాధికా మామిడి ఒక పరిశోధన పత్రం ప్రకటించారు. మెచ్చుకోలు ఎప్పుడు వివక్షగా మారుతుంది అన్నది వాళ్ల ప్రశ్న. మనస్తత్వ శాస్త్రవేత్తలు పీటర్ గ్లిక్, సూసన్ ఫిస్క్ 1996లో స్త్రీ వివక్షను రెండుగా విడదీశారు: ఒకటి ద్వేషంతో కూడినది, రెండోది ఆదరంగా కనిపించేది. ద్వేషం ఆడదాన్ని తిడుతుంది. ఆదరం ఆమెను పొగుడుతూ, కాపాడుతూ, చిన్నదాన్ని చేసి కూర్చోబెడుతుంది. ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఈ విభజనను ఇంగ్లిష్ ట్వీట్లకు అన్వయించి, రెండు రకాలనూ విడివిడిగా గుర్తించేలా యంత్రానికి నేర్పారు. ఆడపిల్ల అయినా బాగా చేసింది, మగాడికి తీసిపోదు అనే తరహా మెచ్చుకోళ్లు వాళ్ల వలలో పడ్డాయి. దూషణను వెతికే పని నుంచి కొలతను వెతికే పనికి ఈ రంగం జరిగిన చోటు ఇది. దీనికి రావలసినంత పేరు తెలుగు పాఠకుల్లో రాలేదు.

అదే సంస్థలో వాసుదేవ వర్మ బృందం 2019లో ఇంకో వైపు నుంచి వచ్చింది. లారా బేట్స్ 2012లో మొదలుపెట్టిన ఎవ్రీడే సెక్సిజం ప్రాజెక్టులో స్త్రీలు తమకు జరిగినవి తామే రాసుకున్నారు. ఆ కథనాల్లో పదమూడు వేలకు పైగా తీసుకుని, వాటిలో కనిపించే వివక్షను 23 రకాలుగా గుర్తించే పద్ధతి తయారుచేశారు. ఈ కథనాలు యంత్రానికి పెట్టే చిక్కు వేరు. బస్సులో ఎవడో అన్న మాటను ఒక అమ్మాయి ఉన్నది ఉన్నట్టు రాస్తే ఆ బూతు ఆమె రాతలో ఉంటుంది, దోషం ఆమెది కాదు. మాటను వాడటం వేరు, వాడారని చెప్పడం వేరు. ఈ తేడా తెలియని యంత్రం ఫిర్యాదునే నేరంగా పట్టుకుంటుంది. జరిగిన సంగతి చెప్పిన స్త్రీ ఖాతా మూతపడుతుంది, అన్నవాడు హాయిగా తిరుగుతాడు.

తెలుగు రాతల మీద పని ఇంకా మొదటి మెట్ల దగ్గరే ఉంది. 2024లో ద్రావిడ భాషల సాంకేతిక సదస్సులో భాగంగా తెలుగు, ఇంగ్లిష్ కలిసిన వ్యాఖ్యల్లో ద్వేషాన్ని గుర్తించే పోటీ జరిగింది. అక్కడ లేబుళ్లు రెండే, ద్వేషం ఉందా లేదా అని. స్త్రీలనే లక్ష్యంగా చేసుకున్న దూషణను విడిగా గుర్తించే పోటీ మరుసటి సంవత్సరం తమిళ, మలయాళాలకు జరిగింది. తెలుగు వ్యాఖ్యలు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి, ఒకే మాటను పదిమంది పది రకాలుగా రాస్తారు. అది సాంకేతికమైన ఇబ్బంది, ఎప్పటికైనా తీరుతుంది. తీరనిది సంబోధన. గోదావరి జిల్లాల్లో అమ్మమ్మ మనవరాలిని "రావే, పోవే" అని పిలిస్తే అది ముద్దు. కొత్తవాడు అదే రాస్తే చులకన. అటు పక్క "మేడమ్ గారూ, తమరు సెలవిస్తే వింటాం" అన్నది నిజమైన గౌరవం కావచ్చు, నిలువెల్లా వెటకారం కావచ్చు. వ్యాకరణం కూడా ఇక్కడ సాయం చేయదు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో చెప్పిన మహత్తు, అమహత్తు విభాగంలో ఏకవచనంలో స్త్రీ మహత్తు కిందకు రాదు. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, క్రియ ఒక్కటే. నిర్మాణంలోనే ఆ ఒంపు ఉన్న భాషలో, ఒక మనిషి చేసిన వివక్ష ఎక్కడ మొదలైందో అక్షరాలను బట్టి చెప్పడం కష్టం.

మాటకు అర్థం ఎక్కడి నుంచి వస్తుందన్న విచారం ఈ దేశంలో శాస్త్రంగా సాగింది. మీమాంసకుల్లో కుమారిల భట్టు వర్గం, పదాలు ముందు విడివిడిగా తమ అర్థాలు చెబుతాయి, ఆ తర్వాత అవి కలుస్తాయి అంది. ప్రభాకరుడి వర్గం, వాక్యంలో మరోదానితో కలిసినప్పుడే పదానికి అర్థం అంది. పదాల పట్టిక పట్టుకున్న పాత యంత్రం మొదటి దారిలో నడిచింది, పక్కమాటలను బట్టి అర్థం కట్టే కొత్త యంత్రం రెండో దారికి దగ్గర. కానీ ఈ రెండూ చాలవని చెప్పినవాళ్లూ ఉన్నారు. తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలో వాక్యార్థం తెలియడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడింటిని చెప్పాడు. విశ్వనాథుడి భాషాపరిచ్ఛేదం వాటికి తాత్పర్యాన్ని, అంటే చెప్పేవాడి ఉద్దేశాన్ని, కలిపింది. సైంధవం తెమ్మని ఒకడు అడిగాడు. ఆ మాటకు ఉప్పు అనీ గుర్రం అనీ రెండు అర్థాలు. భోజనం దగ్గర అడిగితే ఉప్పు, ప్రయాణానికి బయలుదేరుతూ అడిగితే గుర్రం. యంత్రం ముందు విస్తరీ లేదు, ప్రయాణమూ లేదు. అడిగిన మాట ఒక్కటే ఉంది.

యోగ్యత, అంటే అర్థాలు ఒకదానితో ఒకటి కుదరడం, గురించి కూడా ఒక సంగతి గమనించదగ్గది. గంగలో గొల్లపల్లె ఉందంటే ప్రవాహంలో ఊరు ఉండదు కాబట్టి ఒడ్డున ఉందని అర్థం చేసుకోవాలని శాస్త్రం చెబుతుంది. వాచ్యార్థం కుదరనప్పుడు లక్షణ వస్తుంది. కొల్లేటి లంకల్లో పుట్టిన మనిషికి మాత్రం నీళ్ల మధ్య ఊరు అసంభవం కాదు. వానాకాలంలో నాలుగు దిక్కులా నీరు నిండి, పడవ ఉంటేనే బయటి లోకం ఉన్న ఊళ్లు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. అంటే ఏది కుదురుతుంది, ఏది కుదరదు అన్నది కూడా నేల తెలిసినవాళ్లు చెప్పవలసిందే. ఇంగ్లిష్ ట్వీట్ల మీద పెరిగిన యంత్రానికి చేపల చెరువు దగ్గర పనిచేసే ఆడకూలీల మధ్య నడిచే మోటు హాస్యం బూతుగా వినిపిస్తుంది. ఏలూరు పెళ్లిచూపుల్లో అమ్మాయిని అడిగే మెత్తని ప్రశ్నలు ఏ దోషమూ లేనివిగా వినిపిస్తాయి.

వాచ్యం, లక్ష్యం దాటిన మూడో అర్థాన్ని తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వని అన్నాడు. ఆ వ్యంగ్యార్థం దేని మీద ఆధారపడుతుందో పదకొండో శతాబ్దపు మమ్మటుడు లెక్కపెట్టాడు: పలికేవాడెవరు, ఎవరితో పలుకుతున్నాడు, గొంతు విరుపు ఎలా ఉంది, పక్కన ఇంకెవరున్నారు, సందర్భమేమిటి, చోటేది, వేళేది. సర్పంచ్ భర్తను మెచ్చుకున్న వ్యాఖ్యలో దోషమంతా ఈ మూడో అర్థంలోనే ఉంది. ధ్వని తెలియాలంటే సహృదయుడు కావాలని ఆలంకారికులన్నారు. వాళ్ల మనసులో ఉన్నది కావ్యం చదివే రసికుడు. స్త్రీ వివక్ష విషయంలో ఆ సహృదయత ఎక్కువగా దెబ్బ తిన్నవాళ్లకు ఉంటుంది, ఎందుకంటే ఆ మెత్తని మాట వెనుక ఏమొస్తుందో వాళ్లకు అనుభవం.

మాటను వడగట్టే పని మనుషుల చేతిలో ఉన్నప్పుడు ఏమైందో గోదావరి చరిత్రలోనే ఉంది. రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం స్త్రీల కోసం చేసిన పనికి తెలుగునాట సాటి లేదు. 1883లో ఆడవాళ్ల కోసం సతీహితబోధిని పత్రిక నడిపాడు. ఆయనే ఆంధ్ర కవుల చరిత్రలో పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని ఖండిస్తూ, ఆ రచనలో స్త్రీ నోట రాకూడని మాటలున్నాయని, ఆమె వేశ్య కావడమే దానికి కారణమన్నట్టు రాశాడు. బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి 1910లో వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించి, పీఠికలో ఆయనకు ఎదురు ప్రశ్న వేసింది. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అన్నది దాని సారం. అంతకన్నా పచ్చిగా శృంగారం రాసిన పురుష కవులను పొగిడిన కలమే ఆమెను తిట్టిందని చూపించింది. 1911లో ప్రభుత్వం అశ్లీలమని ఆ పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ముఖ్యమంత్రిగా ఉండగా 1947లో గాని నిషేధం తొలగలేదు.

ఈ వివాదాన్ని నేటి యంత్రం ముందు పెడితే జరిగేది తేలిగ్గా ఊహించవచ్చు. ముద్దుపళని పద్యాలు పట్టుబడతాయి. వీరేశలింగం వాక్యాలు శుభ్రంగా దాటిపోతాయి, వాటిలో ఉన్నది శిష్టమైన భాష. వివక్ష ఉన్నది మాత్రం ఆ శిష్ట వాక్యాల్లోనే: ఒకే పనికి పురుషుడికి ఒక కొలత, స్త్రీకి ఇంకో కొలత. స్త్రీల మేలు మనస్ఫూర్తిగా కోరిన మనిషి కూడా ఆ కొలతను పట్టుకున్నాడు కాబట్టి, ఉద్దేశం మంచిదైతే దోషం లేదనే వాదం కూడా ఇక్కడ నిలవదు. దోషానికి నిజమైన ఆశ్రయం మాటా కాదు, మనసూ కాదు, ఆ రెంటికీ వెనుక ఉన్న జంట కొలత. ఒక వ్యాఖ్యలో స్త్రీ ఉన్నచోట పురుషుణ్ణి పెట్టి చదివితే ఆ వ్యాఖ్యే పుట్టదని తేలినప్పుడు కొలత బయటపడుతుంది. సర్పంచ్ మగవాడై ఉంటే ఆయన భార్యను రోడ్డు వేయించినందుకు ఎవరు మెచ్చుకుంటారు? యంత్రాల చేత ఇలా తిరగేసి చదివించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. పదాలు వెతకడం కన్నా అవి మేలైన దారి.

మతం ఈ విషయంలో రెండు వైపులా నిలబడింది. స్త్రీలను పూజించే చోట దేవతలు సంతోషిస్తారన్న భావం మనుస్మృతి మూడో అధ్యాయంలో ఉంది. స్త్రీ ఏ వయసులోనూ స్వతంత్రంగా ఉండదగదన్నది అదే పుస్తకం తొమ్మిదో అధ్యాయంలో ఉంది. రెంటినీ పరస్పర విరుద్ధాలుగా చూడటం పొరపాటు. గ్లిక్, ఫిస్క్ చెప్పిన రెండు ముఖాలూ అక్కడ కలిసే ఉన్నాయి: పూజ, కట్టడి. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మకు మొక్కే చేయి ఇంట్లో ఆడపిల్ల ఫోన్ లాక్కోగలదు, ఆ చేతికి అందులో వైరుధ్యం కనిపించదు. దేవి, లక్ష్మి, ఇంటి దీపం అనే మాటలను వివక్ష అని యంత్రం గుర్తిస్తే భక్తులు నొచ్చుకుంటారు. గుర్తించకపోతే అతి సాధారణమైన వివక్ష దాని చేతికి చిక్కదు.

వాక్కు గురించిన నీతిలో మాత్రం మతాలు యంత్రం కన్నా చాలా ముందున్నాయి. ఏలూరు జిల్లాలో కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండల్లో క్రీస్తు పూర్వమే బౌద్ధ భిక్షువులు గుహలు తొలిచి నివసించారు. వాళ్లు పాటించిన సమ్యక్ వాక్కులో విడిచిపెట్టవలసినవి నాలుగు: అబద్ధం, చాడీ, పరుషం, వ్యర్థ ప్రసంగం. యంత్రం నేడు పట్టగలిగేది ఎక్కువగా మూడోదాన్నే. ఆడవాళ్లకు లెక్కలు రావన్నది పరుషమైన మాట కాదు, అబద్ధం. ఆ అమ్మాయికి ఉద్యోగం ఎలా వచ్చిందో అందరికీ తెలుసు అన్నది చాడీ. అభయ రాజకుమారుడికి బుద్ధుడు చెప్పిన జవాబు ఇంకా లోతైనది. సత్యమై, హితమైన మాట వినేవారికి అప్రియమైనా తగిన సమయం చూసి తథాగతుడు పలుకుతాడని దాని సారాంశం. అప్రియం కావడమే దోషమైతే, వేధింపులను ఎదిరిస్తూ కోపంగా రాసిన స్త్రీ కూడా దోషి అవుతుంది. భగవద్గీత పదిహేడో అధ్యాయం ఉద్వేగం కలిగించనిదీ, సత్యమూ, ప్రియమూ, హితమూ అయిన పలుకును వాఙ్మయ తపస్సు అంది. తపస్సు ఎవరికి వారు చేసేది. బయటి నుంచి నోరు కట్టేస్తే మౌనం వస్తుంది గాని తపస్సు రాదు. అందువల్ల యంత్రం రాసినవాణ్ణి మంచివాణ్ణి చేస్తుందన్న ఆశ పెట్టుకోకూడదు. ఎదుటి మనిషికి దెబ్బ తగలకుండా చూడటం వరకే దాని పని.

చట్టం దగ్గర మళ్లీ ఉద్దేశం ముందుకు వస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ స్త్రీ గౌరవాన్ని కించపరిచే ఉద్దేశంతో పలికిన మాటను, చేసిన సైగను శిక్షిస్తుంది. ఉద్దేశాన్ని రుజువు చేయాలి, నిందితుడి మాట వినాలి. ఐటీ చట్టంలో 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేయడానికి ఒక ముఖ్య కారణం, అందులోని మాటలకు హద్దు లేకపోవడం. విసుగు కలిగించేదీ, ఇబ్బంది పెట్టేదీ నేరమైతే ఎవరి రాతనైనా నేరం చేయవచ్చు. యంత్రం వాదనలు వినకుండానే క్షణంలో తీర్పు చెబుతుంది, ఎందుకు చెప్పిందో చెప్పదు. కారణం చెప్పలేని తీర్పు తీర్పు కాదని న్యాయం తెలిసిన ఎవరైనా ఒప్పుకుంటారు. ఆ లోటు తీర్చడానికే 2023లో సెమ్‌ఎవల్ అనే భాషా సాంకేతిక పోటీల్లో గ్యాబ్, రెడిట్ సైట్ల నుంచి తీసిన 20 వేల ఇంగ్లిష్ రాతలతో ఒక సేకరణ వచ్చింది. ఇది వివక్ష అని చెప్పి ఊరుకోకుండా, బెదిరింపా, కించపరచడమా, వైరమా, వివక్షను సమర్థించే వాదనా అని యంత్రం విడదీసి చెప్పాలి.

ఆ సేకరణకు లేబుళ్లు పెట్టినవాళ్లు స్త్రీలే. ఎవరు చదివి గుర్తు పెడుతున్నారన్నదే ఈ పనిలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న, దానికీ ఈ ప్రాంతంలో ఒక పూర్వరంగం ఉంది. 1902లో ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య హిందూసుందరి పత్రిక స్థాపించినప్పుడు సంపాదకత్వం మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మల చేతుల్లో పెట్టాడు. స్త్రీల గురించి ఏది అచ్చు కావాలో స్త్రీలు నిర్ణయించే ఏర్పాటది. అయితే ఆ కాలపు స్త్రీల పత్రికల్లో పాతివ్రత్య బోధలూ ఉండేవి. కొలత స్త్రీల మనసుల్లోనూ ఉంటుంది కాబట్టి, లేబుల్ పెట్టేవాళ్లు స్త్రీలైనంత మాత్రాన సమస్య తీరిపోదు. ఐదుగురు చదివితే ముగ్గురు ఒకటి, ఇద్దరు ఇంకొకటి అంటారు. పాత పద్ధతిలో ఆ ఇద్దరి మాట పోతుంది. స్పానిష్, ఇంగ్లిష్ భాషల్లో స్త్రీ వివక్షను గుర్తించే ఎగ్జిస్ట్ పోటీ 2023లో చదివినవాళ్లందరి అభిప్రాయాలనూ విడివిడిగా ఉంచి, ఆ విభేదాన్నే యంత్రానికి నేర్పింది. భాష విషయంలో నిజాయితీ అయిన పద్ధతి ఇదే.

యంత్రాన్ని ఎవరి చేతిలో పెట్టాలన్నది మిగిలింది. కంపెనీ చేతిలో ఉన్నప్పుడు అది రాసినవాళ్ల నోటి మీద కూర్చుంటుంది. టాటిల్, సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థలు కలిసి 2022లో తెచ్చిన ఉలి అనే బ్రౌజర్ పరికరం దాన్ని చదివేవాళ్ల చేతికి ఇచ్చింది. హిందీ, తమిళం, భారతీయ ఇంగ్లిష్‌లలో దూషణ పదాలను స్త్రీలు, ఉద్యమకారులే గుర్తించి పట్టిక కట్టారు. దూషణకు గురవుతున్న మనిషి తన తెర మీద ఆ మాటలను కప్పేసుకోవచ్చు, అవసరమైతే సాక్ష్యంగా దాచుకోవచ్చు. రాసినవాడి స్వేచ్ఛకు భంగం లేదు, చదివే స్త్రీకి బలవంతమూ లేదు. తెలుగు ఆ మొదటి మూడు భాషల్లో లేదు. తెలుగులో ఇలాంటిది కట్టాలంటే తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో కోడ్ రాసే విద్యార్థులతో పాటు అత్తిలి పంచాయతీ సభ్యురాళ్లు, కొల్లేటి లంకల ఆడకూలీలు, ఏలూరు కాలేజీల అమ్మాయిలు వ్యాఖ్యలు చదివి గుర్తు పెట్టాలి. వాళ్లు విభేదించిన చోటల్లా ఆ విభేదం లెక్కలో ఉండాలి. కంపెనీ యంత్రం దగ్గరైతే, తన రాత తీసేశారని అడిగిన మనిషికి ఏ కారణంతో తీశారో తెలుగులో చెప్పే మనిషి ఒకరు అవతల ఉండాలి.